పార్సెలు పంపినట్లు రుజువు ఏది?

పాల సంఘానికి తపాలాతో పనేమున్నది, పొద్దున సాయంత్రం పాలు పోయించుకోవడం, వెన్న శాతం చూడడం, పదిహేను రోజులకొకసారి బిల్లు పంచడం, ఇంతే కదా అని చాలామంది సభ్యుల అభిప్రాయం. కార్యదర్శులలో కూడా కొందరిది ఇదే అభిప్రాయమని తనిఖీలకు వెళ్ళినప్పుడు మాకు తెలుస్తూనే ఉంటుంది. డెస్పాచ్ రిజిస్టరు చూపించండి అని అడిగితే, "అదెందుకండీ, మనం పంపేదేముంది?" అంటారు.

పంపేది తక్కువేమీ కాదు. చనిపోయిన గేదె చెవి ట్యాగు బీమా కంపెనీకి పోవాలి. పాల పరీక్ష యంత్రంలో పలక చెడిపోతే మరమ్మతుకు పోవాలి. సర్వసభ్య సమావేశం నోటీసులు సభ్యులకు పోవాలి. ఆడిట్ అభ్యంతరాలకు జవాబులు మా కార్యాలయానికి రావాలి. వీటిలో ఏ ఒక్కటి దారిలో తప్పిపోయినా, లేక చేరిన తరువాత అవతలివారు చేరలేదన్నా, నష్టం సంఘానికో సభ్యునికో కలుగుతుంది. అటువంటి నష్టం ఒకటి మా కళ్ళముందే జరిగింది గనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

కంచికచర్ల చుట్టుపట్ల ఒక సంఘం. ఊరి పేరూ మనుషుల పేర్లూ ఇక్కడ అవసరం లేదు. ఒక సభ్యురాలికి ఉన్నది ఒకే ఒక ముర్రా గేదె, రెండో ఈతది. రాత్రి కట్టుగొయ్య దగ్గరే పాము కరిచి చనిపోయింది. అదృష్టవశాత్తూ దానికి బీమా ఉన్నది. పశువైద్యుడు వచ్చి శవపరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చారు. చెవి నుంచి ట్యాగు తీశారు. ట్యాగు లేనిదే క్లెయిము లేదు అన్నది పశు బీమాలో అందరికీ తెలిసిన సూత్రమే. కార్యదర్శి ఫారం నింపి, సర్టిఫికెట్లు, ట్యాగు అన్నీ ఒక కవరులో పెట్టి, కంచికచర్ల సెంటరులో ఒక కొరియరు కొట్టులో ఇచ్చి, వారిచ్చిన చీటీ జేబులో వేసుకుని వచ్చేశాడు. అంతవరకు ఎవరూ ఏ తప్పూ చేయలేదనే అనిపిస్తుంది.

నలభై రోజులకు కంపెనీ నుంచి జాబు వచ్చింది. కాగితాలు అందినవి, ట్యాగు అందలేదు, కనుక క్లెయిము పరిశీలించుటకు వీలు లేదు అని దాని సారాంశం. కార్యదర్శి ట్యాగు పెట్టానని ప్రమాణం చేశాడు. చీటీ తీసి చూస్తే అందులో చిరునామాకు బదులు "విజయవాడ" అన్న ఒక్క మాట ఉన్నది. తూకం గడి ఖాళీ. లోపల ఏమున్నదో చెప్పే చోట "డాక్స్" అని గీత. కవరుతోపాటు ఉత్తరం పంపావా అంటే, ఫారం ఉన్నది గదా, మళ్ళీ ఉత్తరమెందుకు అనుకున్నానన్నాడు. నకలు లేదు, ఫోటో లేదు.

ఆ సమయంలో మేము ఆ సంఘంలో ఆడిట్‌లో ఉన్నాము. ఆ సభ్యురాలు వచ్చి అరుగు మీద కూర్చుని అడిగింది.

"అయ్యా, ట్యాగు నా చేత్తోనే ఇచ్చానండి. కవర్లో పెట్టడం నా కళ్ళతో చూశానండి. నా మాట సాక్ష్యం కాదా అండి?"

"మీ మాట మాకు సాక్ష్యమేనమ్మా. కంపెనీకి కాదు" అని చెప్పవలసి వచ్చింది.

కార్యదర్శి తల వంచుకుని, "పిన్నీ, తప్పు నాదే" అన్నాడు. ఆ మాట వల్ల ఆమెకు డబ్బు రాలేదు. పాలకవర్గం వారు దయదలచి సంఘం సాధారణ నిధి నుంచి కొంత సొమ్ము ఆమెకు ఇచ్చారు. బైలాలో వీలు లేని ఖర్చు అని ఆడిట్‌లో అభ్యంతరం రాసినది మేమే. రాయక తప్పదు. తరువాత పాలకవర్గ సభ్యులు తలా కొంచెం వేసుకుని ఆ మొత్తాన్ని సంఘానికి జమ కట్టారు. చీటీలో ఒక గడి నింపించుకోకపోవడం ఎందరి మెడకు చుట్టుకున్నదో చూడగలరు.

రుజువు ఎవరి పుస్తకంలో ఉండాలి?

పంపినట్లు రుజువు అంటే మన దగ్గర ఏదో ఒక కాగితం ఉండడం కాదు. మనం పాలు పోసేటప్పుడు ఏమి జరుగుతున్నదో ఒకసారి ఆలోచించండి. సభ్యుని పాల పుస్తకంలో ఒక అంకె పడుతుంది. అదే పూట సంఘం కొనుగోలు రిజిస్టరులో అదే అంకె పడుతుంది. రేపు తగాదా వస్తే రెండు పుస్తకాలు పక్కపక్కన పెడతాము. రెండు చేతులలో, ఒకే సమయంలో, ఒకే అంకె పడినది గనుక దానికి విలువ. సభ్యుడు ఇంటికి పోయి తన పుస్తకంలో తానే నాలుగు లీటర్లని రాసుకుంటే ఎవరూ ఒప్పుకోరు.

పార్సెలు సంగతీ ఇంతే. మనం అప్పగించిన క్షణాన, తీసుకున్నవాడి పుస్తకంలో కూడా ఒక నంబరు కింద ఆ వస్తువు నమోదు కావాలి. ఆ నంబరు మన చేతి కాగితంలో ఉండాలి. ఎవరి పేరున, ఏ ఊరికి, ఎంత బరువు, ఏ తేదీ అన్నవి రెండు చోట్లా ఒకటిగా ఉండాలి. అట్లా లేని కాగితం ఎంత పెద్ద ముద్ర ఉన్నా చెల్లకపోయే ప్రమాదం ఉన్నది. ఇందుకు మంచి ఉదాహరణ పాత యు.పి.సి. ముద్ర. యాభై ఏళ్ళు దాటిన కార్యదర్శులకు అది బాగా గుర్తు ఉండే ఉంటుంది.

యు.పి.సి. అంటే సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్. ఉత్తరాలు ఎవరెవరికి వేస్తున్నామో ఒక జాబితా రాసి, ఛార్జీకి సరిపడా స్టాంపులు దాని మీద అంటించి, ఉత్తరాలతోపాటు కౌంటరులో ఇచ్చేవాళ్ళం. గుమాస్తా తేదీ ముద్ర కొట్టి జాబితా మనకు తిరిగి ఇచ్చేవాడు. ఉత్తరాలు మామూలు టపాలో పోయేవి. రిజిస్టరు ఛార్జీతో పోలిస్తే నామమాత్రపు ఖర్చు. నూటయాభై మంది సభ్యులున్న సంఘం సర్వసభ్య సమావేశం నోటీసు పంపాలంటే ఇంతకన్న చవకైన మార్గం లేదు. మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏ సంఘానికి పోయినా ఫైలులో ఈ ముద్రలు పడిన జాబితాలు కుట్టి ఉండేవి. మేమూ వాటిని చూసి, నోటీసులు సక్రమంగా పంపబడినవి అని రాసి సంతకం పెట్టేవాళ్ళం.

ఒక ఊరిలో పదిహేను మంది సభ్యులు లేచి, మాకు నోటీసే రాలేదన్నారు. జాబితా తీస్తే వారి పేర్లు, పక్కన ముద్ర చక్కగా ఉన్నవి. నిలదీసి అడిగితే అప్పటి కార్యదర్శి అసలు సంగతి ఒప్పుకున్నాడు. జాబితాలో అందరి పేర్లూ రాశాడు, కవర్లు మాత్రం తనకు కావలసినవారివే వేశాడు. రద్దీలో ఎవరూ లెక్క పెట్టలేదు. పోస్టాఫీసుకు పోయి కనుక్కుందామంటే, అక్కడ ఆ ఉత్తరాల గురించి ఏ పుస్తకంలోనూ ఏ పద్దూ లేదు. ఉండవలసిన పనీ లేదు, ఎందుకంటే ఆ పద్ధతే అటువంటిది. ముద్ర పడినది మన కాగితం మీద మాత్రమే. పాలు పోసినవాడు తన పుస్తకంలో తానే అంకె వేసుకోవడానికి దీనికి పెద్ద తేడా లేదు.

న్యాయస్థానాలు కూడా ఈ బలహీనతను గమనించాయి. 1994లో శివకుమార్, హర్యానా రాష్ట్రం మధ్య కేసులో సుప్రీంకోర్టు, ఇటువంటి తపాలా ముద్రలు ఎప్పుడు కావాలంటే అప్పుడు సంపాదించడం కష్టమేమీ కాదు గనుక కేవలం సర్టిఫికెట్ ఆఫ్ పోస్టింగ్ మీద ఆధారపడి తీర్పు చెప్పడం క్షేమం కాదన్నది. చివరకు 2011 జనవరి 31తో తపాలా శాఖ ఆ సేవనే ఎత్తివేసింది. ఇది జరిగి ఇన్నేళ్ళయినా, "యు.పి.సి. చేయించండి" అని తమ బైలాల నుంచో పాత సర్క్యులర్ల నుంచో చదివి చెప్పేవారు ఇంకా తగులుతూనే ఉన్నారు. మీ సంఘం బైలాలో ఆ మాట ఇంకా ఉంటే, సవరణ కోసం వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో చేర్చుకోగలరు.

రిజిస్టర్డ్ పోస్టు పోయిందా?

2025లో మన పల్లెలలో ఇంకొక ప్రచారం లేచింది. రిజిస్టర్డ్ పోస్టు తీసేశారట, ఇక రుజువు ఉండదట అని. సగం నిజం. 2025 సెప్టెంబరు 1 నుంచి దేశం లోపల పంపే రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో విలీనం చేశారు. స్పీడ్ పోస్టు 1986 ఆగస్టులో మొదలైనది. దానికి మొదటి నుంచీ నంబరూ రశీదూ ఉన్నవి. పాత రిజిస్టర్డ్ పోస్టుకు ఉన్న ప్రత్యేకత ఏమంటే, పేరు రాసిన వ్యక్తికో, ఆయన అధికారం ఇచ్చిన మనిషికో మాత్రమే బట్వాడా చేసేవారు. ఆ సౌకర్యం ఇప్పుడు స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్ అనే అదనపు సేవగా ఉన్నది. అడిగితేనే చేస్తారు, అడగకపోతే మామూలు స్పీడ్ పోస్టుగానే పోతుంది.

2025 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం, 50 గ్రాముల లోపు కవరుకు స్థానికంగా 19 రూపాయలు, స్థానిక పరిధి దాటితే 47 రూపాయలు. రిజిస్ట్రేషన్ కావాలంటే ఇంకొక 5 రూపాయలు. వీటిపై జి.ఎస్.టి. అదనం. చేరినట్లు అవతలివారి సంతకంతో కాగితం కావాలంటే ప్రూఫ్ ఆఫ్ డెలివరీ అని అడిగి, దానికి వేరే ఛార్జీ కట్టాలి. పాత అక్నాలెడ్జిమెంటు కార్డు చేసిన పని ఇది చేస్తుంది.

మా సలహా ఏమంటే, చట్టంలోగాని బైలాలోగాని "రిజిస్టర్డ్ పోస్టు ద్వారా" అని ఉన్నచోట, ఆ 5 రూపాయలకు వెనుకాడక రిజిస్ట్రేషన్ చేయించండి. కారణం ఉన్నది. 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షను ప్రకారం, సరైన చిరునామా రాసి, ఛార్జీ ముందుగా చెల్లించి, రిజిస్టర్డ్ పోస్టులో వేసిన ఉత్తరం మామూలుగా చేరవలసిన సమయానికి చేరినట్లే భావిస్తారు. చేరలేదని చూపించే భారం అవతలివారి మీద పడుతుంది. చెల్లని చెక్కుల నోటీసుల విషయంలో 2007లో సి.సి. అలవి హాజీ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే స్థిరపరిచింది. సంఘానికి ఎవరైనా ఇచ్చిన చెక్కు బ్యాంకు నుంచి తిరిగి వస్తే, ఆ సంగతి తెలిసిన నాటి నుంచి 30 రోజులలో నోటీసు ఇవ్వాలి. అక్కడ తేదీ ఒక్కరోజు దాటినా హక్కు పోతుంది. ఆ రోజున మీ చేతిలో ఉన్న రశీదు మీద తేదీ ఏమున్నది, చిరునామా ఏమున్నది అన్నదే మాట్లాడుతుంది.

కౌంటరు వదలక ముందు

రశీదు తీసుకుని మడిచి జేబులో పెట్టుకుని బయటికి రావడం మనందరికీ అలవాటు. అక్కడే నిలబడి చదవాలి. వెనుక వరుసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటే విసుక్కోనీయండి. చిరునామాదారు పేరు సరిగా పడిందా, పిన్ కోడు మీరు కవరు మీద రాసినదేనా, తూకం గ్రాములలో ఉన్నదా, తేదీ, వేళ ఉన్నవా, నంబరు స్పష్టంగా ఉన్నదా చూడాలి. తప్పు ఉంటే అప్పుడే చెప్పి సరిచేయించుకోవాలి. ఇంటికి వచ్చిన తరువాత రశీదు మీద మనం పెన్నుతో దిద్దితే అది రుజువును చెడగొట్టడమే అవుతుంది.

ఆ నంబరులో 13 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ముందు రెండు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర మన దేశానికి గుర్తుగా ఐ.ఎన్. అని రెండు అక్షరాలు. ఇది ప్రపంచంలోని తపాలా శాఖలన్నీ కలిసి పెట్టుకున్న పద్ధతి. స్పీడ్ పోస్టు నంబరు ఇ అనే ఇంగ్లీషు అక్షరంతో మొదలవుతుంది. తొమ్మిది అంకెలలో చివరిది ఊరికే వేసినది కాదు. మొదటి ఎనిమిదింటిని ఒక లెక్క ప్రకారం హెచ్చవేసి కూడి, పదకొండుతో భాగిస్తే వచ్చే శేషం నుంచి పుట్టినది. లాక్టోమీటరు రీడింగు, వెన్న శాతం తెలిస్తే ఎస్.ఎన్.ఎఫ్. లెక్కలో తేలినట్లే ఇదీ తేలుతుంది. అందువల్ల రిజిస్టరులో నంబరు ఎక్కించేటప్పుడు ఒక అంకె అటుఇటు అయితే కంప్యూటరు ఆ నంబరును ఒప్పుకోదు. నంబరు దొరకడం లేదని మాకు ఫోను చేసే కార్యదర్శులలో ఎక్కువమందిది ఎక్కింపులో తప్పే.

పిన్ కోడు గురించి ఒక మాట. 1972 ఆగస్టు 15న ఈ కోడు వచ్చినది ఒకే పేరుగల ఊళ్ళ మధ్య తికమక పోగొట్టడానికి. మనకు నందిగామ అంటే మునేరు పక్కన ఉన్న నందిగామే. కాని తెలంగాణలో రంగారెడ్డి జిల్లాలో కూడా ఒక నందిగామ మండలం ఉన్నది. కంచికచర్లకు 521180, నందిగామకు 521185, జగ్గయ్యపేటకు 521175. 2022 ఏప్రిల్ 4 నుంచి మన ప్రాంతం కృష్ణా జిల్లా నుంచి విడిపోయి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినా పిన్ కోడులు మారలేదు. పాత అలవాటు కొద్దీ కృష్ణా జిల్లా అని రాసినా కవరు చేరుతుంది. అయితే రుజువు కావలసిన కాగితాల మీద, అవతలివారి పాలసీలోనో ఒప్పందంలోనో చిరునామా ఎట్లా ఉన్నదో అక్షరం మార్చకుండా అట్లాగే రాసి, పిన్ కోడు మాత్రం తప్పకుండా వేయాలి.

దీనికోసం కంచికచర్లకో నందిగామకో బస్సెక్కి పోనక్కరలేదు. మీ ఊళ్ళో బ్రాంచి పోస్టాఫీసు ఉంటే అక్కడే స్పీడ్ పోస్టు తీసుకుంటారు, యంత్రం నుంచి అచ్చు రశీదూ ఇస్తారు. బ్రాంచి పోస్టుమాస్టరు పని వేళలు తెలుసుకుని పోతే చాలు.

రశీదు చెప్పనిది

ఇంతవరకు చెప్పినవన్నీ చేసినా ఒక లోటు మిగిలే ఉంటుంది. రశీదు ఒక కవరు పోయిందని చెబుతుంది. దాని కడుపులో ఏమున్నదో చెప్పదు. పై కథలో కంపెనీవారు కవరు రాలేదనలేదు, ట్యాగు రాలేదన్నారు. స్పీడ్ పోస్టులో పంపినా ఆ మాట అనగలరు. కనుక లోపలి వస్తువుకు వేరే రుజువు మనమే కట్టాలి.

మొదటిది, ఉత్తరం లేకుండా ఏ వస్తువూ పంపవద్దు. సంఘం లెటరు కాగితం మీద, ఈ దిగువ వస్తువులు జతపరచడమైనది అని రాసి, ట్యాగు నంబరు పన్నెండు అంకెలూ, సర్టిఫికెట్ల తేదీలూ, మొత్తం ఎన్ని కాగితాలో వేసి, నకలు ఫైలులో పెట్టండి. పాలసీలో ఉన్న ట్యాగు నంబరు, పశువైద్యుని సర్టిఫికెట్లో ఉన్న నంబరు, మీ ఉత్తరంలోనిది, మూడూ ఒకటేనా అని కవరు మూసే ముందు ఇంకొకరిచేత చదివించండి. రాసినవాడికి తన తప్పు తనకు కనపడదు.

రెండవది మేము ఆ గేదె వ్యవహారం తరువాత ప్రతి సంఘంలో చెబుతున్న ఉపాయం. ట్యాగును విడిగా కవరులో జారవిడవవద్దు. దబ్బనం, గట్టి దారం తీసుకుని ఆ ఉత్తరానికే కుట్టేయండి. బియ్యం బస్తా మూతి కుట్టినట్లు నాలుగు కుట్లు వేస్తే చాలు. ఉత్తరం అందినదని ఒప్పుకున్నవారు ట్యాగు అందలేదని అనడానికి ఇబ్బంది పడతారు. దారం తెగి ఊడిపోయినా కాగితానికి చిల్లులు మిగులుతాయి. ట్యాగును ముందు శుభ్రంగా కడిగి ఆరబెట్టాలని వేరే చెప్పనక్కరలేదు. ఒకచోట కడగకుండా పంపితే కవరు తెరిచిన గుమాస్తా దానిని కిటికీలోంచి బయట పెట్టించాడట. తరువాత అది ఎవరికీ కనపడలేదు.

మూడవది ఫోటోలు. ఇప్పుడు ప్రతి జేబులో కెమెరా ఉన్నది. ట్యాగు కుట్టిన ఉత్తరం, నంబరు కనపడేటట్లు ఒకటి. మూసిన కవరు, చిరునామా కనపడేటట్లు ఒకటి. కవరు పక్కన రశీదు పెట్టి ఒకటి. ఇద్దరు సభ్యుల ఎదుట కట్ట కట్టి, వారి సంతకాలు నకలు మీద తీసుకుంటే ఇంకా మంచిది. పశువు చనిపోయిన రోజునే కంపెనీకి ఫోనులోనో ఈమెయిలులోనో తెలియజేయడం ఎటూ తప్పదు. ఆ సందేశాలను చెరపవద్దు.

నోటీసుల విషయంలో వకీళ్ళు చేసే పని ఒకటి ఉన్నది. కవరే వాడరు. నోటీసు కాగితాన్నే మడిచి, అంటించి, బయటి వైపున చిరునామా రాసి పంపుతారు. ఖాళీ కవరు వచ్చిందనే మాటకు అవకాశమే ఉండదు. ఒక పేజీ నోటీసుకు ఇది మన సంఘాలూ చేయవచ్చు.

వీటన్నిటికన్న బలమైన రుజువు స్వయంగా పోయి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవడం. బీమా కంపెనీ శాఖ విజయవాడలో ఉంటే బస్సు ఛార్జీకి వెనుకాడవద్దు. ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకంతోపాటు "ట్యాగుతో సహా ముట్టినది" అని రాయించుకోండి. రాయము అంటే తగాదా పడనక్కరలేదు. నమస్కారం పెట్టి, దగ్గరలో ఉన్న పోస్టాఫీసుకు నడిచి, పైన చెప్పినట్లు రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టు చేసి రండి.

బస్సు పార్సెలు, పాల వ్యాను

యంత్రాల వంటి బరువు సరుకు మన ప్రాంతంలో ఎక్కువగా బస్సులలో పోతుంది. హైదరాబాదు, విజయవాడ రహదారి మన ఊళ్ళ మీదుగానే పోతుంది గనుక అది సహజమే. బుకింగు కౌంటరులో ఇచ్చి, బిల్లు తీసుకుని పంపితే ఆ బిల్లు మంచి రుజువే. తెలిసినవాడు గదా అని డ్రైవరుకో కండక్టరుకో చేతికిచ్చి, అవతల మనిషికి బస్సు నంబరు ఫోనులో చెప్పడం మాత్రం రుజువు లేని పని. నూరుసార్లు చక్కగా చేరుతుంది. చేరని నూటొకటోసారి అడగడానికి ఎవరూ ఉండరు.

బిల్లులో విలువ వేసే దగ్గర మనవాళ్ళు చేసే పొదుపు ఒకటి చెప్పాలి. ఒక సంఘం పాల పరీక్ష యంత్రాన్ని మరమ్మతుకు పంపుతూ, ఛార్జీ తగ్గుతుందని విలువ 500 రూపాయలు అని వేయించింది. వస్తువు పేరు దగ్గర "అట్టపెట్టె" అని ఉన్నది. యంత్రం పగిలి చేరింది. నష్టపరిహారం అడిగితే, 500 రూపాయల అట్టపెట్టెకు ఎంత ఇవ్వాలో అంతే ఇస్తామన్నారు. వారిని తప్పు పట్టడానికి మాకు మాట దొరకలేదు, బిల్లు మీద ఉన్నది మన సంతకమే. అసలు విలువ వేయించి, తయారీ కంపెనీ పేరు, యంత్రం సీరియల్ నంబరు బిల్లులో రాయించండి. తపాలాలో పంపినా విలువైన వస్తువుకు ఇన్సూరు చేయించే వీలున్నది, అడగండి. పరీక్షకు వాడే సల్ఫ్యూరిక్ ఆమ్లం, అమైల్ ఆల్కహాలు మాత్రం ఏ పార్సెలులోనూ రహస్యంగా పెట్టవద్దు. తపాలాలో అవి నిషిద్ధం. పక్కవారి సరుకు కాలితే సంఘం జవాబు చెప్పవలసి వస్తుంది.

ఇక పాల వ్యాను. యూనియన్ ఆఫీసుకు పోవలసిన ప్రతిదీ, ఫిర్యాదులు, శాంపిలు సీసాలు, చెడిపోయిన గాజు సామాను, "తమ్ముడూ, ఈ పొట్లం ఆఫీసులో ఇచ్చెయ్" అంటూ వ్యానులో పెట్టేస్తారు. చేరవచ్చు, డ్రైవరు మారితే సీటు కిందే ఉండిపోవచ్చు. వ్యానుతో ఎటూ ట్రక్ షీటు పోతుంది. క్యాన్ల సంఖ్య, లీటర్లు రాసే ఆ కాగితంలోనే, ఒక పొట్లం, ఫలానా సెక్షనుకు అని రాసి, డ్రైవరు సంతకం తీసుకోండి. ట్రక్ షీటు మన దగ్గర ఒక ప్రతి, వారి దగ్గర ఒక ప్రతి ఉంటుంది గనుక మొదట చెప్పిన రెండు పుస్తకాల సూత్రం ఖర్చు లేకుండా నెరవేరుతుంది. వెన్న శాతం తగాదాలో పంపిన శాంపిలుకు ఇది మరీ ముఖ్యం. ఎన్ని గంటలకు మన చేయి దాటిందో తెలియని పాల శాంపిలు మీద ఎవరూ ఏమీ తేల్చలేరు.

రశీదు చెరిగిపోతే

పోస్టాఫీసులో, బస్సు కౌంటరులో ఇప్పుడిచ్చే రశీదులు చాలావరకు వేడికి అచ్చుపడే కాగితం మీద వస్తున్నాయి. కొన్ని నెలలకు అక్షరాలు వెలిసిపోయి తెల్ల కాగితం మిగులుతుంది. ఎండ తగిలే గోడ మేకుకు గుచ్చితే ఇంకా ముందే పోతుంది. ఆడిట్ సమయానికి మా ముందు పెట్టిన ఖాళీ చీటీలు ఎన్నో. రశీదు తెచ్చిన రోజునే జిరాక్సు తీయించి, అసలుతో కలిపి ఉత్తరం నకలుకు గుచ్చండి. నంబరు, తేదీ, తూకం, ఛార్జీ డెస్పాచ్ రిజిస్టరులో సిరాతో ఎక్కించండి. నాలుగైదు రోజుల తరువాత తపాలా శాఖ వెబ్‌సైటులో ఆ నంబరు కొట్టి, బట్వాడా అయినట్లు వచ్చిన పేజీని అచ్చు తీయించి జతపరచండి. ఆ వివరాలు ఎల్లకాలం అక్కడ ఉండవు, ఏడాది తరువాత కేసు వచ్చినప్పుడు వెతికితే దొరకవు.

కొన్ని కవర్లు తిరిగి వస్తాయి. తీసుకోలేదు అనో, తలుపు తాళం అనో పోస్టుమాను రాసి పంపుతాడు. ఎందుకు తిరిగి వచ్చిందో చూద్దామని కార్యదర్శులు వెంటనే చింపుతారు. చింపవద్దు. పోస్టుమాను రాత, తేదీ ముద్ర, మూసిన అతుకు, ఈ మూడూ కలిసి ఉన్నంతవరకు ఆ కవరు, మనం పంపితే అవతలివారు తీసుకోలేదని చెప్పే సాక్ష్యం. వచ్చిన తేదీ రిజిస్టరులో వేసి, కవరును అట్లాగే పెద్ద కవరులో పెట్టి ఫైలులో దాచండి. దానిని తెరవవలసినది అధికారి ఎదుటనో కోర్టులోనో మాత్రమే.